లెక్కలో కుదిరిన వాన్ ఆటా అర్రే కొలతలో ఎందుకు కుదరదు: 5.8 గిగాహెర్ట్జ్ బోర్డు గురించి

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 8 ప్యాచ్‌లను (బోర్డు మీది చదునైన రాగి ముక్కల యాంటెన్నాలు) ఒకే వరసలో పెట్టి వాన్ ఆటా అర్రే, అంటే తరంగం ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కుకే తిప్పి పంపే యాంటెన్నాల వరస, చేశారు. బోర్డు ఎఫ్ఆర్-4, మామూలు సర్క్యూట్ బోర్డుల పదార్థం. జంటల్ని కలిపే లైన్ల పొడవులు లోపలి నుంచి బయటికి 1, 3, 5, 7 తరంగదైర్ఘ్యాలు. మ్యాట్‌ల్యాబ్‌లో అర్రే ఫ్యాక్టర్‌తో (ప్యాచ్‌ల స్థానాలు, ఫేజ్‌లు మాత్రమే చూసే సూత్రం) లెక్క వేస్తే అటూ ఇటూ 50 డిగ్రీల దాకా ఆర్‌సీఎస్ (రాడార్ క్రాస్ సెక్షన్, వస్తువు ఎంత సిగ్నల్‌ను వెనక్కి కొడుతుందో చెప్పే కొలత) దాదాపు సమంగా వచ్చింది. ల్యాబ్‌లో మీటరు దూరంలో రెండు హార్న్‌లు (బూర ఆకారపు యాంటెన్నాలు, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి) పక్కపక్కన పెట్టి కొలిస్తే సున్నా డిగ్రీల దగ్గర పెద్ద శిఖరం, పక్కలకు పోయేసరికి దాదాపు ఏమీ లేదు. "ఇది పని చెయ్యట్లేదు, మిక్సర్లు పెట్టి ఫేజ్ కాంజుగేషన్‌కు మారిపో" అన్నారట గైడ్ గారు (ప్రతి ప్యాచ్ దగ్గరా మిక్సర్ అనే సర్క్యూట్‌తో ఫేజ్‌ను తిరగేసే పద్ధతి అది, చివర్లో చెబుతాను). మారాలా, ఉన్నదాన్ని బాగు చేసుకోవాలా అని మీ ప్రశ్న.

మారకండి. కనీసం ఇప్పుడే మారకండి. మీ అర్రే చాలావరకు పని చేస్తూనే ఉంది. అది పంపుతున్న దానికంటే బోర్డు వెనకున్న రాగి రేకు ఎక్కువ పంపుతోంది, మీరు కొలిచింది ఆ రేకునే. ఈ పనిలో అసలు డిజైన్ అంతా ప్యాచ్‌లను కలిపే లైన్లలో, కొలత పద్ధతిలో ఉంటుంది. ప్యాచ్ గీయడం అందరికీ వచ్చు. లైన్లను ముందు ఆలోచించి, అవి పట్టే చోటు చూసుకుని ప్యాచ్‌లను పెట్టేవాళ్లు తక్కువ. మీరు ఒక్కరే కాదు, ఈ బోర్డు మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

సూత్రం రెండు ముక్కల్లో చెప్పుకుందాం, తర్వాత లెక్కలకు అదే ఆధారం. కుడివైపు నుంచి 30 డిగ్రీల కోణంలో తరంగం వస్తోందనుకోండి. ముందు కుడి చివరి 8వ ప్యాచ్‌కు అందుతుంది, తర్వాత 7, ఆ తర్వాత 6, అన్నిటికంటే చివర 1కి. ప్యాచ్‌ల మధ్య ఎడం సగం తరంగదైర్ఘ్యం అయితే ఒక్కో ప్యాచ్ దగ్గర 90 డిగ్రీల ఫేజ్ ఆలస్యం పేరుకుంటుంది. దాన్ని వచ్చిన దిక్కుకే తిప్పి పంపాలంటే వరస తిరగబడాలి. అందరికంటే దూరంగా ఉన్న 1వ ప్యాచ్ ముందు ప్రసారం చెయ్యాలి, 8వది చివర. 8కి అందినదాన్ని 1 నుంచి, 7కి అందినదాన్ని 2 నుంచి పంపితే అది దానంతటదే జరుగుతుంది. 1 నుంచి 8కి కూడా అదే లైన్ వెనక్కి పని చేస్తుంది. కోణం ఎంతో ఎవరూ కొలవక్కర్లేదు, ఫేజ్ షిఫ్టర్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో పనిచేసిన లెస్టర్ వాన్ ఆటా దీనికి 1955లో దరఖాస్తు చేసి 1959 అక్టోబరులో అమెరికా పేటెంటు పొందాడు, సంఖ్య 2,908,002. ఇన్నేళ్లయినా ఆ ఆలోచనలో మార్చాల్సింది ఏమీ లేదు. నాకు యాంటెన్నాల్లో అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఇదే.

షరతు ఒకటే. నాలుగు లైన్లూ ఒకే ఆలస్యం ఇవ్వాలి. పొడవులు సమానంగా ఉండాలి, లేదా తేడా పూర్తి తరంగదైర్ఘ్యాల్లో ఉండాలి. పుస్తకాల్లో ఈ రెంటినీ పక్కపక్కన, రెండూ సమానమే అన్నట్టు రాస్తారు. బోర్డు మీద అవి సమానం కావు. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను. ముందు మీ శిఖరం సంగతి తేలుద్దాం.

5.8 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 51.7 మి.మీ. వాన్ ఆటా అర్రే ఆర్‌సీఎస్ అంటే తరంగదైర్ఘ్యం వర్గాన్ని 4 పైతో భాగించి, దాన్ని మొత్తం అర్రే గెయిన్ వర్గంతో గుణించడమే. ఒక్కో ప్యాచ్ గెయిన్ (అన్ని దిక్కులకూ సమంగా పంపే యాంటెన్నాతో పోలిస్తే ఎన్ని రెట్లో) 6 డీబీఐ, అంటే 4 రెట్లు అనుకుంటే 8 ప్యాచ్‌లకు 32. దాని వర్గం 1024. గుణిస్తే సుమారు 0.22 చదరపు మీటర్లు, అంటే మైనస్ 6.6 డీబీఎస్ఎం (1 చదరపు మీటరుతో పోల్చి డెసిబెల్స్‌లో). ఇది నష్టాలు ఏమీ లేని ఆదర్శ లెక్క.

ఇప్పుడు అదే బోర్డును ఉత్త రేకుగా చూడండి. 8 ప్యాచ్‌ల వరసకు మీ గ్రౌండ్ ప్లేన్, అంటే ఆ వెనక రేకు, సుమారు 210 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు ఉంటుందనుకుంటున్నాను. సమతల రేకు ఆర్‌సీఎస్ 4 పై ఇంటూ వైశాల్యం వర్గం, బై తరంగదైర్ఘ్యం వర్గం. వచ్చేది 0.33 చదరపు మీటర్లు, మైనస్ 4.8 డీబీఎస్ఎం. అంటే ఏ నష్టమూ లేని ఆదర్శ అర్రే కంటే కూడా, సున్నా డిగ్రీల దగ్గర, రేకు ఎక్కువ వెనక్కి కొడుతుంది.

పైగా మీ అర్రే ఆదర్శం కాదు. ఎఫ్ఆర్-4 లాస్ టాంజెంట్ (బోర్డు పదార్థం ఎంత శక్తిని మింగుతుందో చెప్పే సంఖ్య) 0.02 అనుకుంటే 5.8 దగ్గర మైక్రోస్ట్రిప్‌లో (బోర్డు మీది రాగి లైన్‌లో) డైఎలక్ట్రిక్ నష్టమే సెంటీమీటరుకు 0.17 డీబీ దాకా ఉంటుంది, దానికి రాగి నష్టం కలపండి. లైన్‌లో తరంగదైర్ఘ్యం గాలిలో కంటే చిన్నది, కాబట్టి మీ బయటి లైన్ 7 తరంగదైర్ఘ్యాలు అంటే దాదాపు 20 సెం.మీ. అందులో 4 డీబీ పోతుంది. లోపలి లైన్‌లో పోయేది అర డీబీ పైచిలుకు. అంటే అర్రే అంచుల్లో ఉన్న ప్యాచ్‌లు సగం గొంతుతో పలుకుతున్నాయి. ప్యాచ్ సామర్థ్యం కూడా ఎఫ్ఆర్-4 మీద సగానికి పడిపోతుంది, అది రెండుసార్లు లెక్కకు వస్తుంది: అందుకునేటప్పుడు ఒకసారి, పంపేటప్పుడు ఒకసారి. అన్నీ కలిపితే 7 డీబీ తేలిగ్గా పోయినట్టే. మీ నిజమైన వాన్ ఆటా సిగ్నల్ మైనస్ 14 దగ్గర ఉంటుంది, రేకు మైనస్ 4.8 దగ్గర. సున్నా డిగ్రీల శిఖరం ఎవరిదో ఇప్పుడు చెప్పక్కర్లేదు. మ్యాట్‌ల్యాబ్ అర్రే ఫ్యాక్టర్‌కు గ్రౌండ్ ప్లేన్ ఉందన్న సంగతే తెలియదు కాబట్టి అక్కడ కనపడలేదు.

మరి పక్కలకు పోతే ఎందుకు కనపడలేదు? 30 డిగ్రీల దగ్గర రేకు ప్రతిబింబం పక్కకు వెళ్లిపోతుంది, హార్న్ వైపు వచ్చేది 20 డీబీ పైనే తగ్గుతుంది. అక్కడ అర్రే సిగ్నల్ తేలాలి. తేలకపోవడానికి నాకు మూడు కారణాలు కనపడుతున్నాయి, మూడూ ఒకేసారి ఉండి ఉంటాయి.

మొదటిది మీ 1, 3, 5, 7. లోపలి లైన్‌కూ బయటి లైన్‌కూ తేడా 6 తరంగదైర్ఘ్యాలు. పూర్తి సంఖ్య కాబట్టి ఫేజ్ ఒకటే అనుకున్నారు. సరిగ్గా 5.8 దగ్గర, మీరు అనుకున్న ఎప్సిలాన్ (లైన్‌లో తరంగ వేగాన్ని నిర్ణయించే బోర్డు పదార్థపు గుణం) దగ్గర, ఒకటే. 4.4 అని పెట్టి గీసి ఉంటారు. ఎఫ్ఆర్-4లో అది తయారీదారును, బ్యాచ్‌ను బట్టి 4.2 కావచ్చు, 4.6 కావచ్చు. దానివల్ల లైన్‌లో తరంగ వేగం 2 శాతం మారుతుంది. 2 శాతం అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ 6 తరంగదైర్ఘ్యాలంటే 2160 డిగ్రీలు, అందులో 2 శాతం 43 డిగ్రీలు. బయటి జత లోపలి జతతో 43 డిగ్రీలు తప్పి పలుకుతుంది. ఫ్రీక్వెన్సీ కూడా అంతే. 58 మెగాహెర్ట్జ్ పక్కకు జరిగితే 1 శాతం, అంటే 21.6 డిగ్రీల తప్పు. మీ అర్రే సన్నని బ్యాండ్‌లో మాత్రమే రెట్రోడైరెక్టివ్ (వచ్చిన దిక్కుకే పంపేది), ఆ బ్యాండ్ ఎక్కడుందో బోర్డు తయారయ్యేదాకా మీకు తెలియదు.

నాలుగు లైన్లనూ ఒకే పొడవు చేస్తే ఈ బాధ మొత్తం పోతుంది. ఎప్సిలాన్ ఎంతైనా కానివ్వండి, నాలుగూ కలిసే మారతాయి, వాటి మధ్య తేడా సున్నాగానే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ మారినా అంతే. లోపలి లైన్లను మెలికలు తిప్పి బయటి లైన్ అంత పొడవు చెయ్యాలి. నష్టం పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కానీ నాలుగింటిలో సమానంగా పెరుగుతుంది. బ్యాండ్‌విడ్త్‌ను ఇక ప్యాచే నిర్ణయిస్తుంది, లైన్లు కాదు. నా అభిప్రాయంలో విద్యార్థి ప్రాజెక్టుకు సమాన పొడవులే సరైనవి. పూర్తి తరంగదైర్ఘ్యాల తేడా పద్ధతి చోటు బొత్తిగా లేనప్పుడు, మంచి బోర్డు మీద, లైన్ వేగాన్ని ముందే కొలిచి పెట్టుకున్నవాళ్లకు.

రెండోది దూరం. మీ అర్రేలో మొదటి ప్యాచ్ నుంచి చివరి ప్యాచ్‌కు 181 మి.మీ. బోర్డు మొత్తాన్ని తీసుకుంటే దూరక్షేత్రం (తరంగాన్ని సమతలం అనుకోగల దూరం) మొదలయ్యేది సుమారు 1.7 మీటర్ల దగ్గర. మీరు 1 మీటరులో కొలిచారు. మామూలు యాంటెన్నాకు ఇది చిన్న తప్పు. వాన్ ఆటాకు రెట్టింపు తప్పు, ఎందుకో చూడండి. దగ్గర నుంచి వచ్చే తరంగం ముందుభాగం వంపుగా ఉంటుంది. మధ్య ప్యాచ్‌లతో పోలిస్తే రెండు అంచులూ ఆలస్యంగా అందుకుంటాయి, 1 మీటరులో ఆ ఆలస్యం 29 డిగ్రీలు. తిరిగి అక్కడికే చేరాలంటే అంచులు ముందుగా పలకాలి. కానీ వాన్ ఆటా చేసేది కుడి ఎడమల మార్పిడి మాత్రమే. రెండు అంచుల్లోనూ ఒకే ఆలస్యం ఉన్నప్పుడు వాటిని తారుమారు చేసి లాభం లేదు. ఆలస్యం అలాగే ఉంటుంది, తిరుగు ప్రయాణంలో ఇంకో 29 కలిసి 58 డిగ్రీలవుతుంది. సమతల తరంగం వస్తుందన్న నమ్మకం మీద నిలబడిన డిజైన్ ఇది. 2 మీటర్లకు తక్కువ దూరంలో దాన్ని పరీక్షించకండి, చోటుంటే 3 మీటర్లు పెట్టండి.

మూడోది ప్యాచ్ రెజొనెన్స్, అంటే ప్యాచ్ బాగా పని చేసే ఫ్రీక్వెన్సీ. ఎఫ్ఆర్-4 మీద ఎప్సిలాన్ తేడాకి ప్యాచ్ కూడా 100 మెగాహెర్ట్జ్ పైనే పక్కకు జరగగలదు. ప్యాచ్ బ్యాండ్‌విడ్త్ మొత్తం 200 మెగాహెర్ట్జ్ కూడా ఉండదు. మీరు 5.8 దగ్గర ఒక్క పాయింటులో కొలిచి ఉంటే, అక్కడ ప్యాచ్ అసలు అందుకోనే అందుకోకపోయి ఉండవచ్చు. మ్యాచింగ్ బాగా లేని ప్యాచ్ తనకు అందినదాంట్లో కొంత లైన్‌లోకి పంపకుండా తానే తిరిగి విసురుతుంది. అలా విసిరినదానికి కుడి ఎడమల మార్పిడి ఉండదు, అది రేకు ప్రతిబింబంతో కలిసిపోతుంది. అందుకే మామూలు యాంటెన్నాకు చాలనుకునే మైనస్ 10 డీబీ మ్యాచింగ్ ఇక్కడ చాలదు. మైనస్ 20 లక్ష్యంగా పెట్టుకోండి. 5.6 నుంచి 6.0 దాకా స్వీప్ చేసి చూడండి. 30 డిగ్రీల దగ్గర ఎక్కడో ఒకచోట అర్రే కనపడుతుందని నా నమ్మకం.

ఇక కొత్త బోర్డు. బడ్జెట్ ఏ మాత్రం ఒప్పుకున్నా రోజర్స్ 4003సి (నష్టం తక్కువ ఉన్న బోర్డు) తీసుకోండి. 1.524 మి.మీ. మందం అయితే ప్యాచ్ 13 మి.మీ. పొడవు దగ్గర మొదలుపెట్టి సిమ్యులేషన్‌లో సవరించుకోవచ్చు. సగం తరంగదైర్ఘ్యం 25.9 మి.మీ. కాబట్టి ప్యాచ్‌ల మధ్య ఖాళీ 13 మి.మీ. దాకా మిగులుతుంది. 20 సెం.మీ. లైన్‌లో నష్టం 1 డీబీ అటూ ఇటూ ఉంటుంది. 8 ప్యాచ్‌ల బోర్డు చిన్నదే, ఖర్చు భయపడేంత కాదు. ఎడాన్ని సగం తరంగదైర్ఘ్యం మించనివ్వకండి. మించితే పక్క కోణాల్లో గ్రేటింగ్ లోబ్ లేచి, వెనక్కి రావాల్సిన శక్తిలో వాటా వేరే దిక్కుకు పోతుంది. హార్న్ దగ్గర మాత్రమే కొలిచేవాళ్లకు అది కనపడదు కూడా.

ఎంత పెద్ద అర్రే చేసినా రేకు మాత్రం పోదు. ప్యాచ్‌లు పెరిగితే గ్రౌండ్ ప్లేన్ కూడా పెరుగుతుంది. దానికి నాకు తెలిసిన మంచి మందు పోలరైజేషన్, అంటే తరంగంలో విద్యుత్ క్షేత్రం ఊగే దిశ, తిప్పడం. నిలువుగా వచ్చినదాన్ని అడ్డంగా తిప్పి పంపాలి. రేకు, గోడ, బల్ల నిలువుగా వచ్చినదాన్ని చాలావరకు నిలువుగానే పంపుతాయి. అందుకునే హార్న్‌ను 90 డిగ్రీలు తిప్పి బిగిస్తే అవన్నీ 20, 25 డీబీ కిందికి పోతాయి, అర్రే మాత్రం నిలుస్తుంది.

పూర్తి పద్ధతిలో ప్రతి ప్యాచ్‌కూ రెండు ఫీడ్‌లు (లైన్ వచ్చి కలిసే చోట్లు) ఉంటాయి. 1 నిలువు పోర్టు నుంచి 8 అడ్డం పోర్టుకు ఒక లైన్, 8 నిలువు నుంచి 1 అడ్డానికి ఇంకో లైన్. అప్పుడు లైన్లు ఒకదాన్నొకటి దాటక తప్పదు, ఒక్క పొరలో కుదరదు. మధ్యలో గ్రౌండ్, పైన ప్యాచ్‌లు, కింద లైన్లు, స్లాట్‌తోనో వయాతోనో (పొరల్ని కలిపే రంధ్రం) కలపాలి. మొదటిసారి చేసేవాళ్లకు ఇది కష్టం. మీకు నేను చెప్పేది సులువైన దారి: ఎడమ నాలుగు ప్యాచ్‌లకు నిలువు ఫీడ్ మాత్రమే, కుడి నాలుగింటికి అడ్డం ఫీడ్ మాత్రమే. జతకు ఒక్క లైన్. 4 నుంచి 5కి చిన్న వంపు, దాని చుట్టూ 3 నుంచి 6కి, దాని చుట్టూ 2 నుంచి 7కి, అన్నిటికీ బయట 1 నుంచి 8కి. ఏ లైనూ ఇంకోదాన్ని దాటదు, ఒక్క పొర చాలు. మెలికలన్నీ ప్యాచ్ వరసకు కింద, కనీసం 8, 10 మి.మీ. దూరంగా ఉంచండి. అడ్డం ఫీడ్ ప్యాచ్ పక్క అంచు నుంచి బయల్దేరి కిందికి మళ్లుతుంది కాబట్టి ఆ అదనపు పొడవును లెక్కలో వేసుకోవడం మరవద్దు. మొత్తం విద్యుత్ పొడవు, ఫీడ్ అంచు నుంచి ఫీడ్ అంచుకు, నాలుగింటిలో ఒకటే ఉండాలి.

దీనికి మీరు చెల్లించే ధర 6 డీబీ. అందుకునేవి నాలుగే, పంపేవి నాలుగే. ఆదర్శ ఆర్‌సీఎస్ మైనస్ 12.6కు దిగుతుంది. కానీ రేకు మైనస్ 4.8 నుంచి మైనస్ 30 దగ్గరికి పడుతుంది. ఆరు ఇచ్చి పాతిక పుచ్చుకోవడం మంచి బేరమే.

అదే ప్యానెల్ మీద మిగిలిన చోటులో రెండు చిన్న ముక్కలు గీయించండి. ఒకటి ఒంటరి ప్యాచ్, కనెక్టర్‌తో. రెండోది లైన్ జత, ఒకటి 40 మి.మీ., ఇంకోటి 140 మి.మీ., రెండు చివరలా ఒకే రకం కనెక్టర్లు. వీఎన్ఏ (వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్) మీద రెండు లైన్ల ఫేజ్ తేడా చూస్తే సరిగ్గా 100 మి.మీ. లైన్ ఫేజ్ వస్తుంది, కనెక్టర్ ప్రభావం కొట్టుకుపోతుంది. దానినుంచి వేగం, నష్టం రెండూ తెలుస్తాయి. ప్యాచ్ రెజొనెన్స్ ఎక్కడుందో ఒంటరి ప్యాచ్ చెబుతుంది. అర్రే మీద అనుమానం వచ్చినప్పుడు ఈ రెండు ముక్కలు మీ సాక్షులు. ఇవి లేకుండా అర్రే బోర్డు ఒక్కటే చేతిలో పెట్టుకుని ఎక్కడ తప్పుందో వెతకడం చాలా టెన్షన్ పని.

కొలత దగ్గర ఇంకో మాట. 15 డీబీఐ హార్న్‌లతో, 2 మీటర్లలో, 0.22 చదరపు మీటర్ల వస్తువు నుంచి వచ్చేది పంపినదాంట్లో మైనస్ 47 డీబీ. తిప్పిన పోలరైజేషన్‌తో మైనస్ 53. రెండు హార్న్‌ల మధ్య నేరుగా కారే సిగ్నలే ఆ స్థాయిలో ఉండవచ్చు. కాబట్టి బోర్డు లేకుండా ఒకసారి కొలిచి, ఫేజ్‌తో సహా తీసెయ్యడం తప్పనిసరి. స్టాండ్ కదలకూడదు, కేబుళ్లు కదలకూడదు. ఇంతకంటే మంచి పద్ధతి ఉంది: అదే డిజైన్‌లో రెండో బోర్డు చేయించి, దాని లైన్లను మధ్యలో కోసి, రెండు చివరలనూ 50 ఓమ్ రెసిస్టర్లతో గ్రౌండ్‌కు ముగించండి. ప్యాచ్‌లు అవే, రేకు అదే, వాన్ ఆటా దారి మాత్రం లేదు. మొదటి బోర్డు కొలత నుంచి ఈ బోర్డు కొలతను ఫేజ్‌తో సహా తీసేస్తే మిగిలేది లైన్ల ద్వారా తిరిగి వచ్చిన సిగ్నల్ మాత్రమే. థీసిస్‌లో ఈ ఒక్క గ్రాఫ్ ఉంటే ఎగ్జామినర్‌కు ఇంకేమీ చెప్పక్కర్లేదు. స్థాయికి ప్రమాణంగా కొలతలు తెలిసిన అల్యూమినియం రేకును సున్నా డిగ్రీల దగ్గర పెట్టి సరిచూసుకోండి. దీనికి మాత్రం హార్న్‌ను తిరిగి నిలువుకు తిప్పుకోవాలి.

ఒకే చోటి నుంచి పంపి అక్కడే అందుకునే కొలత ఒక్కటే సరిపోదు. ఒక హార్న్‌ను 30 డిగ్రీల దగ్గర బిగించి, రెండోదాన్ని చాపం మీద జరుపుతూ పోండి. శిఖరం 30 దగ్గరే రావాలి, మైనస్ 30 దగ్గర రేకు ప్రతిబింబం వేరుగా కనపడాలి. కోణం పెరిగేకొద్దీ ఆర్‌సీఎస్ తగ్గితే కంగారు పడకండి. ప్యాచ్ పాటర్న్ రెండుసార్లు లెక్కకు వస్తుంది, ప్యాచ్ గెయిన్ 1.5 డీబీ పడితే ఆర్‌సీఎస్ 3 డీబీ పడుతుంది. అటూ ఇటూ 50 డిగ్రీల దాకా బొత్తిగా సమంగా రావడం ప్యాచ్‌తో సాధ్యం కాదు. ఇంకోటి, ఒక్క వరస అర్రే అడ్డం దిశలోనే రెట్రోడైరెక్టివ్. నిలువు దిశలో అది అద్దమే. బోర్డు కొంచెం పైకి వాలినా సిగ్నల్ హార్న్ మీదుగా పోతుంది, స్పిరిట్ లెవెల్ పెట్టి నిలబెట్టండి. రెండు దిశల్లోనూ కావాలంటే ప్యాచ్‌లను చదరంగా పేర్చి, ప్రతిదాన్నీ కేంద్రానికి అవతల సరిగ్గా ఎదురుగా ఉన్నదానితో కలపాలి. అక్కడ లైన్ల చిక్కుముడి మొదలవుతుంది, ఎం.టెక్‌కు వద్దు.

ఇంతకీ ఇది ఎందుకు చేస్తున్నారో ప్రశ్నలో రాయలేదు. ఉత్త ప్రతిధ్వని మాత్రమే కావాలంటే 11 సెం.మీ. అంచున్న మూడు త్రికోణపు రేకులు కలిపి కార్నర్ రిఫ్లెక్టర్ చేస్తే, మీ 8 ప్యాచ్‌ల ఆదర్శ అర్రే ఇచ్చేంత ఆర్‌సీఎస్ వస్తుంది, అది కూడా రెండు దిశల్లోనూ. రాడార్ ఉపగ్రహాల క్రమాంకనానికి నేల మీద ఎక్కువగా పెట్టేవి ఈ కార్నర్ రిఫ్లెక్టర్లే. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ (నాసా, ఇస్రోల రాడార్ ఉపగ్రహం) వాడే ఎల్-బ్యాండ్ తరంగదైర్ఘ్యం 24 సెం.మీ., దానికి మీటర్ల సైజు రిఫ్లెక్టర్లు కావాలి. అయినా రేకే మేలు. వాన్ ఆటాకు విలువ వచ్చేది లైన్ మధ్యలో మీరు ఏదో చెయ్యగలగడం వల్ల. పోలరైజేషన్ తిప్పవచ్చు, ఆంప్లిఫయర్ పెట్టవచ్చు, సమాచారం ఎక్కించవచ్చు, పైగా బోర్డు గోడకు అతికించినంత పల్చగా ఉంటుంది. కార్నర్‌లో ఇవి అంత తేలిగ్గా కుదరవు.

ఆంప్లిఫయర్ గురించి ఒక హెచ్చరిక. మీ కొత్త బోర్డులో ఎడమవి అందుకుని కుడివి పంపుతాయి కాబట్టి లైన్‌లో ఆంప్లిఫయర్ నేరుగా పెట్టవచ్చు, సర్క్యులేటర్ (వెళ్లే, వచ్చే సిగ్నళ్లను విడదీసేది) అక్కర్లేదు. కానీ కుడి ప్యాచ్ పంపినదాంట్లో కొంత ఎడమ ప్యాచ్‌కు కారుతుంది, అది మళ్లీ ఆంప్లిఫై అవుతుంది. మధ్యలో పక్కపక్కనే ఉన్న 4, 5 ప్యాచ్‌ల మధ్య ఐసొలేషన్ (ఒకదాని నుంచి ఇంకోదానికి కారేటప్పుడు వచ్చే తగ్గుదల) 25 డీబీ ఉంటే ఆంప్లిఫయర్ గెయిన్ 15 దాటనివ్వకండి. దాటితే ఏదో ఒక ఫ్రీక్వెన్సీలో అది ఆసిలేటర్ అయి కూర్చుంటుంది.

మిక్సర్ల సంగతి. సి. వై. పాన్ 1964లో చూపించిన పద్ధతి అది. వచ్చిన సిగ్నల్‌కు సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీతో, మీకైతే 11.6 గిగాహెర్ట్జ్‌తో, ప్రతి ప్యాచ్ దగ్గరా మిక్స్ చేస్తే తేడా ఫ్రీక్వెన్సీ మళ్లీ 5.8 వస్తుంది, ఫేజ్ గుర్తు తిరగబడి. ఏ ప్యాచ్‌కు ఆ ప్యాచే సరిచేసుకుంటుంది. జతలు అక్కర్లేదు, సమరూపత అక్కర్లేదు, వంపు తిరిగిన ఉపరితలం మీద పెట్టినా, దగ్గరి నుంచి వచ్చే వంపు తరంగానికైనా పని చేస్తుంది. అంతరిక్షంలో తయారైన సౌర విద్యుత్తును మైక్రోవేవ్‌గా భూమికి పంపాలన్న ఆలోచనలో, నేల నుంచి వచ్చే పైలట్ సిగ్నల్ వైపే శక్తి వెళ్లేలా చూడడానికి ఈ కుటుంబపు పద్ధతులే ముందుకొస్తాయి. ఫేజ్ కాంజుగేషన్ గొప్ప విషయమే, అందులో అనుమానం లేదు.

కానీ మీ చేతిలో ఇప్పుడున్న సమస్యలు అందులో తగ్గవు, పెరుగుతాయి. రేకు ప్రతిబింబం అక్కడా ఉంటుంది. దానికి తోడు మిక్సర్ దాటి కాంజుగేట్ కాకుండా కారే సిగ్నల్ కూడా అదే ఫ్రీక్వెన్సీలో, రేకు లాగే అద్దపు దిక్కుకు పోతుంది. బ్యాలెన్స్‌డ్ మిక్సర్‌తో దాన్ని అణచాలి. లేదా పంపే హార్న్‌ను 5.79లో, ఎల్ఓను (మిక్సర్‌కు ఇచ్చే ఆ రెట్టింపు ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను) 11.6లోనే ఉంచి తిరుగు సిగ్నల్‌ను 5.81కి జరిపి, అందుకునే వైపు విడదీయాలి. ఆ జరుపుడు వల్ల కోణం 60 డిగ్రీల దగ్గర కూడా మూడోవంతు డిగ్రీ మాత్రమే తప్పుతుంది, పట్టించుకోనక్కర్లేదు. పెద్ద పని ఏమిటంటే 11.6 గిగాహెర్ట్జ్‌ను 8 మిక్సర్లకూ ఒకే ఫేజ్‌లో పంచడం. నాలుగు లైన్లు సమానం చెయ్యడానికే ఇంత కథ ఉంటే, రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఎనిమిది సమానం చెయ్యాలి. గైడ్ గారితో ఈ లెక్కలు పెట్టుకుని మాట్లాడండి, ఒప్పుకుంటారు.

థీసిస్‌లో కొత్తదనం కావాలని ఆయన అంటే దానికీ దారి ఉంది. కొత్త బోర్డులో ప్రతి లైన్ మధ్యలో ఒక పిన్ డయోడ్ (స్విచ్‌లా పని చేసే డయోడ్) పెట్టండి, నాలుగింటినీ ఒకే కంట్రోల్‌తో నడపండి. డయోడ్ తెరిస్తే (దారి తెగితే) అర్రే మాయం, మూస్తే (దారి కలిస్తే) ప్రత్యక్షం. దాన్ని 100 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగంతో నడిపి, అందుకునే హార్న్‌ను స్పెక్ట్రమ్ అనలైజర్‌కు కలపండి. 5.8 గిగాహెర్ట్జ్ క్యారియర్‌కు అటూ ఇటూ 100 కిలోహెర్ట్జ్ దూరంలో రెండు గీతలు లేస్తాయి, పూర్తిగా వెలిగి ఉన్న అర్రే స్థాయి కంటే సుమారు 10 డీబీ కింద. గోడ, బల్ల, హార్న్‌ల మధ్య కారుడు, మిమ్మల్ని ఇంత తిప్పలు పెట్టిన ఆ రేకు, కదలనివన్నీ క్యారియర్ మీదే ఉండిపోతాయి. బోర్డును 0 నుంచి 60 డిగ్రీల దాకా తిప్పుతూ ఆ గీత ఎత్తును రాసుకుంటూ పోతే మీకు వచ్చేది లైన్ల గుండా వెళ్లి వచ్చిన సిగ్నల్ పాటర్న్, వేరే దేని కలుపూ లేకుండా.